మత్తులో ఉన్న రోగికి నర్సింగ్ సిద్ధాంతం ఎందుకు?

ప్రశ్న: గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి అమెరికాలో ఐసీయూ నర్సుగా పనిచేశాను. ఇప్పుడు ఇక్కడే నర్స్ అనెస్థీషియా డాక్టరేట్ కోర్సులో చేరాను. ఓరెమ్, బెన్నర్ సిద్ధాంతాలను అప్పట్లో పరీక్షల కోసం బట్టీ పట్టాను. స్పృహలో లేని రోగి దగ్గర అవి ఎందుకు పనికొస్తాయి?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: తప్పక పనికొస్తాయి. ముఖ్యంగా డొరోథియా ఓరెమ్ స్వీయ సంరక్షణ సిద్ధాంతం మీ వృత్తికి ఎంతో దగ్గరిదని నా అభిప్రాయం. మనిషి తన బాగోగులు తాను చూసుకోలేని మేరకు నర్సు పూనుకోవాలన్నది దాని సారం. ప్రొపొఫాల్ అనే మత్తుమందు ఎక్కించిన నిమిషం లోపే ఆ లోటు సంపూర్ణమవుతుంది. ఊపిరి తీసుకోవడం, కన్ను ఆరిపోకుండా రెప్ప వాల్చడం, చలికి ముడుచుకోవడం, ఒత్తిడి పడిన మోచేతిని పక్కకు జరుపుకోవడం వంటి పనులన్నిటినీ రోగి మీ చేతుల్లో పెట్టి నిద్రపోతాడు. కాబట్టి ఇంట్యుబేషన్‌తో (శ్వాసనాళంలోకి గొట్టం వేయడంతో) పాటు రెప్పలకు టేపు వేయడం, మోచేతి దగ్గర సాగే అల్నార్ నరం నలగకుండా మోచేతి కింద మెత్త పెట్టడం, ఒంట్లో వేడి తగ్గకుండా చూడటం కూడా అంతే ముఖ్యమైన బాధ్యతలు. శస్త్రచికిత్సకు ముందు ఉపవాసం గురించి వివరించేటప్పుడు మీది బోధన, ఆసరా. రికవరీ గదిలో రోగి తానే దగ్గగలిగినప్పుడు మీది సగం సాయమే. మందు మోతాదును మాత్రం ఫార్మకాలజీయే చెప్పాలి, ఓరెమ్ చెప్పరు.

1984లో ప్యాట్రీషియా బెన్నర్ వివరించిన, కొత్త నర్సు నిపుణురాలిగా ఎదిగే ఐదు దశలు మీ చదువుకు సంబంధించినవి. ఐసీయూలో ఆరితేరిన మీరు అనెస్థీషియాలో మళ్ళీ తొలి మెట్టు మీద నిలబడతారు. అది అవమానం కాదు, ఎందుకంటే నైపుణ్యం ఆయా సందర్భాల అనుభవంతోనే వస్తుందని ఆమె చూపించారు. కొత్త విద్యార్థి కాప్నోగ్రాఫ్‌లో (రోగి వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గీతగా చూపే పరికరంలో) అంకె చూస్తే, అనుభవజ్ఞురాలు గీత ఆకారం ఏటవాలుగా మారడం చూసి శ్వాసనాళాలు బిగుసుకుంటున్నాయని అనుమానిస్తుంది. అందుకే మొదట్లో స్పష్టమైన నియమాలు, తర్వాత కేసుల చర్చలు నేర్పే గురువులను ఆశ్రయించండి.

ఈ సిద్ధాంతాలు పుట్టక ముందే అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఆలిస్ మగా అనే నర్సు, రోగికి ధైర్యం చెబుతూ ఈథర్ అనే మత్తుమందును చుక్కలు చుక్కలుగా ఇచ్చి నిద్రపుచ్చేవారు. 14,000కు పైగా కేసుల అనుభవాన్ని ఆమె 1906లో ప్రచురించారు. మీరు కూడా ప్రతి కేసు తర్వాత, రోగి మీకు ఏమేమి అప్పగించాడో, వాటిలో ఏది ఎప్పుడు తిరిగి అతని చేతికిచ్చారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.