వచ్చే నెల నుంచి అన్నం మానేద్దామనుకుంటున్నాను

ప్రశ్న: నమస్కారమండీ. నా వయసు 38 సంవత్సరాలు, ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. బరువు తగ్గాలని ఇదివరకు అన్నం, కాఫీ రెండూ మానేసి, పొద్దున్నే గంటసేపు నడిచేదాన్ని. పదిహేను రోజులు గడిచేసరికి ఓపిక నశించి అన్నీ వదిలేశాను. తగ్గిన దానికంటే ఎక్కువే పెరిగాను. రోజుకు నాలుగు కాఫీలు తాగుతాను, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర వేసుకుంటాను. ఇంట్లో నలుగురం, నెలకు ఆరు లీటర్ల చెనిక్కాయ నూనె అవుతుంది. శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అన్నం, చక్కెర, నూనె పదార్థాలు పూర్తిగా మానేసి, వారానికోసారి అలిపిరి మెట్లు ఎక్కాలని నిశ్చయించుకున్నాను. ఈసారైనా ఫలితం ఉంటుందా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఒకటో తేదీ దాకా ఆగవలసిన పని లేదు, ఆ రోజున అన్నీ మానేయవలసిన పని అంతకన్నా లేదు. మీ ఎత్తుకు, బరువుకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే సూచిక) 32 వస్తుంది. భారతీయుల్లో 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా పరిగణిస్తున్నారు కాబట్టి తగ్గాలన్న మీ నిర్ణయం సరైనదే. అయితే మనసులో 55 కిలోలు పెట్టుకుని బయలుదేరవద్దు. ఉన్న బరువులో నూటికి అయిదు వంతులు, అంటే మీ విషయంలో సుమారు నాలుగు కిలోలు తగ్గినా రక్తపోటులో, రక్తంలోని చక్కెరలో, కొవ్వుల్లో మార్పు కనిపిస్తుంది. మొదటి మజిలీ అంతవరకే అనుకోండి.

క్రితంసారి ఏం జరిగిందో చూద్దాం. అన్నం ఒక్కసారిగా మానేసినప్పుడు కాలేయంలోను, కండరాల్లోను నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కరుగుతుంది. దాని ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా బయటికి పోతుంది. మొదటి వారంలో తూకం మీద కనిపించి మనల్ని మురిపించే తగ్గుదలలో ఎక్కువ భాగం ఈ నీరే. ఆ తర్వాత ఆకలిని పెంచే హార్మోన్లు పెరుగుతాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి, తగినంత మాంసకృత్తులు అందకపోతే కండ కూడా కరుగుతుంది. తిరిగి మామూలు తిండికి వచ్చినప్పుడు నీరు వెంటనే చేరుతుంది, కొవ్వు అంతకు మించి చేరుతుంది. ఇందులో మీ పట్టుదలకు వచ్చిన లోటేమీ లేదు, ఎంచుకున్న పద్ధతే ఎవరికైనా పదిహేను రోజులకు మించి నిలిచేది కాదు.

ఇప్పుడు మీరు రాసిన రెండు అంకెల దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీకు కావలసిన పని వాటిలోనే ఉంది. నాలుగు కాఫీల్లో ఎనిమిది చెంచాల చక్కెర అంటే 40 గ్రాములు, 160 కేలరీలు. కాఫీ మానవద్దు. ఒక్కో కాఫీలో రెండు చెంచాలకు బదులు ఒకటిన్నర వేసుకుని రెండు వారాలు తాగండి, తర్వాత ఒకటి, ఆ తర్వాత అర చెంచా. నాలుక ఇలాంటి చిన్న తగ్గింపుకు తేలికగా అలవాటు పడుతుంది. చక్కెర బదులు బెల్లం వేసుకుంటే సరిపోతుందని చాలామంది రాస్తుంటారు; కేలరీల లెక్కలో ఆ రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అర చెంచాకు దిగేసరికి మీకు రోజుకు 120 కేలరీలు తగ్గుతాయి.

నూనె సంగతి ఇంతకంటే పెద్దది. నలుగురికి ఆరు లీటర్లంటే మనిషికి నెలకు లీటరున్నర, రోజుకు 45 గ్రాములు, అంటే ఒక్క నూనె నుంచే నాలుగు వందల కేలరీలు. వచ్చే నెల ఆరుకు బదులు అయిదు లీటర్లే తెప్పించండి, ఆపై నెల నాలుగు. డబ్బా వంచి పోసే అలవాటు మాని, తిరగమాతకు చెంచాతో కొలిచి వేస్తే ఇంట్లో ఎవరికీ రుచిలో తేడా తెలియదు. మనిషికి రోజుకు మరో 135 కేలరీలు తగ్గుతాయి, ఇంట్లోవాళ్లకూ మేలే. చక్కెర, నూనె కలిపి రోజుకు 255 కేలరీలు, నెలకు 7,650. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి కాబట్టి, అన్నం ముద్ద ఒక్కటి కూడా తగ్గించకుండానే నెలకు కిలోకు దగ్గరగా తగ్గే వీలుంది. శరీరం తగ్గేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది గనుక ఈ వేగం కలకాలం ఉండదు. అప్పటికి తర్వాతి మార్పు సిద్ధంగా ఉండాలి.

ఆ తర్వాతి మార్పుగా అన్నాన్ని తీసుకోవచ్చు. మానడం కాదు, రెండోసారి వడ్డించుకునేది సగం చేసి, ఆ ఖాళీలో కూరో పప్పో వేసుకోవడం. అన్నానికి బదులు సంగటి తింటే బరువు తగ్గుతుందన్న నమ్మకం మన జిల్లాలో గట్టిగా ఉంది. రాగుల్లో పీచు, కాల్షియం పుష్కలమే గాని, కేలరీల్లో బియ్యానికి పెద్దగా తీసిపోవు. పైగా సంగటిని నమలకుండా మింగుతాం, అది గబగబా కడుపులోకి వెళ్లిపోతుంది. కాబట్టి ముద్ద ఎంత పెద్దది, దాంతోపాటు ఆకుకూర ఉందా, చెనక్కాయల ఊరిమిండి (పచ్చడి) మాత్రమే ఉందా అన్నది చూడాలి. ఊరిమిండిని నేను నిందించను, కానీ చెనక్కాయల్లో దాదాపు సగం నూనేనన్నది మరువవద్దు.

ఒక్కపొద్దు మీ నమ్మకానికి సంబంధించినది, అందులో వేలు పెట్టను. పగలంతా ఉపవాసమున్నామన్న ధీమాతో సాయంత్రం నేతి పొంగలి, వడలు, పూరీలు ఫలహారం పేరుతో ఎంత పెట్టుకుంటున్నారో మాత్రం ఒక శనివారం గమనించండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే పెరటాసి నెలలో వారం వారం ఉపవాసాలున్నా బరువు పెరిగామని వాపోయేవారు ప్రతి ఏడాదీ నాకు రాస్తూనే ఉంటారు.

ఇక అలిపిరి. ఆ దారిలో 3,550 మెట్లున్నాయి, గాలిగోపురం దాకా ఎక్కుడు నిటారుగా ఉంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. మొక్కుబడికి నిదానంగా, ఆగుతూ ఎక్కడం వేరు; వ్యాయామం అలవాటు లేని మనిషి 78 కిలోల బరువుతో ప్రతి వారం దానినే వ్యాయామంగా పెట్టుకోవడం వేరు. మోకాలు నొప్పి పుడితే ఉన్న నడకా పోతుంది. ప్రస్తుతానికి రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు మీ వీధిలో నడవండి. రెండు వారాలకోసారి అయిదేసి నిమిషాలు పెంచండి. వారానికి మొత్తం 150 నిమిషాలకు చేరితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస పరిమాణాన్ని అందుకున్నట్టే. నడకను పగటికి మార్చుకుంటే, మన ఊరి వేసవి ఎండల్లో మాత్రం తెల్లవారుజామునే ముగించడం మంచిది.

కొత్త అలవాటు ఎంతకాలానికి సహజమవుతుందని లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు పరిశీలిస్తే, కొందరికి 18 రోజులు సరిపోయాయి, కొందరికి 254 రోజులని లెక్క తేలింది, మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. నీళ్లు తాగడం వంటి తేలిక పనులు తొందరగాను, వ్యాయామం ఆలస్యంగాను అలవడ్డాయి. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదన్నది కూడా అందులోనే తేలింది. పెళ్లి భోజనం చేసి వచ్చిన మర్నాడు ‘ఇక అయిపోయింది’ అనుకోకుండా, ఆ రోజు కాఫీలో మళ్లీ ఎప్పటి కొలతే వేసుకోండి.

బరువు వారానికోసారి, ఒకే రోజున, పరగడుపున చూసుకుంటే చాలు. ఉప్పు ఎక్కువైన మర్నాడు, నెలసరికి ముందు తూకం కిలో దాకా పెరిగి కనిపించవచ్చు, అది నీరే. నడుముకు టేపు పెట్టి నెలకోసారి కొలుచుకోండి. స్త్రీలకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఇవన్నీ మొదలుపెట్టే ముందు థైరాయిడ్, రక్తంలో చక్కెర, హిమోగ్లోబిన్ ఒకసారి పరీక్ష చేయించుకోండి. నెలసరి క్రమం తప్పుతుంటే ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పండి.

ప్రశ్న: నా వయసు 52. ఆరేళ్లుగా మధుమేహానికి మాత్రలు వేసుకుంటున్నాను. బరువు 86 కిలోలు. రాత్రి భోజనం పూర్తిగా మానేస్తే తొందరగా తగ్గుతానని మా బావగారు అంటున్నారు. మానవచ్చునా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అయ్యా, మీరు వేసుకుంటున్న మాత్ర పేరు రాయలేదు, జవాబంతా దాని మీదే ఆధారపడి ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ప్రమాదం తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుతూ భోజనం మానేస్తే రాత్రివేళ చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మీ బావగారి సలహాను మీ వైద్యుల ముందు ఉంచి, మోతాదు మార్చాలా అని అడగండి. మాత్రను మాత్రం సొంతంగా తగ్గించవద్దు. అప్పటిదాకా రాత్రి భోజనం మానకుండా, తొమ్మిదిన్నరకు తింటుంటే దాన్ని ఎనిమిదికి జరపండి. పరిమాణం తగ్గించడం కూడా వైద్యులను అడిగిన తర్వాతే, అదీ మొదట పావు వంతు మాత్రమే. ఈలోగా చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ వంటివి కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని వెంటనే తాగి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించుకోండి.