గాలివేగం అంటే ఏది?

సందేహం: 2024 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నుంచి లండన్ వెళ్తున్న ప్రయాణికుల విమానం ఒకటి గంటకు 800 మైళ్లు దాటిందని చదివాను. అది 'గ్రౌండ్ స్పీడ్' మాత్రమేనట, 'ఎయిర్‌స్పీడ్' కాదట. వీటిని నేలవేగం, గాలివేగం అనవచ్చా?

సమాధానం: నేలవేగంతో పెద్ద పేచీ లేదు. చిక్కంతా గాలివేగంతోనే. ఈ సమాసాన్ని 'గాలి యొక్క వేగం' అనీ విడదీయవచ్చు, 'గాలిలో వేగం' అనీ విడదీయవచ్చు. మీకు కావలసింది రెండోది. తుఫాను వార్తలు వినీవినీ మన చెవికి మొదటిదే అలవాటైపోయింది. పోనీ వాయువేగం అందామా అంటే, 'వాయువేగ మనోవేగాలతో' అన్న జాతీయం దాన్ని ఎప్పుడో సొంతం చేసుకుంది.

గోదావరిలో పడవ సంగతి చూడండి. తెడ్డు ఒకే తీరున వేసినా, ఏటివాలుకు పోయేటప్పుడు గట్టు మీది చెట్లు గబగబా వెనక్కి పోతాయి. ఎదురెక్కేటప్పుడు ఓ పట్టాన కదలవు. నీటితో పోలిస్తే పడవ వేగం రెండుసార్లూ ఒకటే, గట్టుతో పోలిస్తేనే తేడా. విమానానికి ఆ నీరే గాలి. గాలితో పోలిస్తే వచ్చేది ఎయిర్‌స్పీడ్, నేలతో పోలిస్తే వచ్చేది గ్రౌండ్ స్పీడ్. అసలు ఎయిర్‌స్పీడ్‌ను కొలిచే పిటో గొట్టం కూడా ఏటి నుంచి వచ్చిందే. 1732లో ఆన్రి పిటో అనే ఫ్రెంచి ఇంజనీరు సెన్ నది ప్రవాహాన్ని కొలవడానికి దాన్ని వాడాడు. ఇప్పుడది విమానం ముక్కు దగ్గర ఎదురుగా నోరు తెరుచుకుని ఉంటుంది. అందులోకి దూసుకొచ్చే గాలి ఒత్తిడిని చుట్టూ ఉన్న గాలి ఒత్తిడితో పోల్చితే వేగం తేలుతుంది. రెక్కలు విమానాన్ని మోసేది ఆ వేగంతోనే. సీటు ముందు తెరమీద మనకు చూపించేది మాత్రం గ్రౌండ్ స్పీడ్.

మీరు చదివిన విమానాన్ని వెనక నుంచి జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జోరుగా వీచే గాలి, తోసింది. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం మామూలే. ధ్వని వేగాన్ని అది దాటలేదు.

కాబట్టి వార్త రాసేవారు ఆ ఇంగ్లీషు మాటలనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'గాలితో పోలిస్తే', 'నేలతో పోలిస్తే' అని చేరిస్తే సరిపోతుంది. 'నేలమీది వేగం' మాత్రం వద్దు, రన్‌వే మీద పరుగు అనుకుంటారు. హెడ్‌విండ్‌కు ఎదురుగాలి ఉండనే ఉంది. ఎన్నికల వార్తలు ఎంత అరగదీసినా ఆ మాట ఇంకా పనికొస్తుంది. టెయిల్‌విండ్‌కు వెనకగాలి చాలు. గాలివాటం అన్నారంటే పైలట్ చేతిలో ఏమీ లేదన్నట్టు వినిపిస్తుంది!