ఈబీవీ ఐజీజీ 'హై' వచ్చింది, వాలాసైక్లోవిర్ మొదలుపెట్టాలా? – సమాధానం

ఈబీవీ అంటే ఎప్‌స్టీన్-బార్ వైరస్. మీ రిపోర్టులోని వీసీఏ ఐజీజీ దాని మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీ. అది 'హై' అంటే ఎప్పుడో సోకిన ఈబీవీ గుర్తు. మీ నీరసానికి వైరస్ ఇప్పుడు తిరగబెట్టిందని దాంతో తేల్చలేం. పెద్దవాళ్లలో 90 శాతం పైగా ఇది పాజిటివే, జీవితాంతం ఉంటుంది.

సోకిన వైరస్ మెమరీ బి కణాల్లో (రోగనిరోధక కణాల్లో ఒక రకం) నిద్రపోతుంది. దాన్ని లేపే జన్యువు బీజెడ్‌ఎల్‌ఎఫ్1ని హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్ల) మార్పులు నొక్కిపట్టి ఉంచుతాయి. వాలాసైక్లోవిర్ అనే యాంటీవైరల్ మాత్ర పనిచేసేది వైరస్ తన డీఎన్‌ఏని కాపీ చేసుకుంటున్నప్పుడే. నిద్రలో ఉన్నదాన్ని తాకదు.

1. వీసీఏ ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు వచ్చే యాంటీబాడీ), ఈబీఎన్‌ఏ ఐజీజీ (సోకి కొన్ని నెలలయ్యాక వచ్చేది) కూడా చూడండి. మొదటిది నెగటివ్, రెండోది పాజిటివ్ అయితే పాత ఇన్‌ఫెక్షనే.

2. ఈఏ ఐజీజీ (వైరస్ తొలిదశ ప్రొటీన్ మీది యాంటీబాడీ) పాజిటివ్ వచ్చినా కంగారొద్దు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ దాదాపు 20 శాతం మందికి ఏళ్ల తరబడి ఉంటుంది.

3. అందరూ వదిలేసేది ఇదే: పీసీఆర్ (వైరస్ డీఎన్‌ఏని వెతికే పరీక్ష) ఏ శాంపిల్‌తో చేశారు? హోల్ బ్లడ్‌తో చేస్తే కణాల్లో నిద్రపోతున్న వైరస్ కూడా లెక్కలోకి వచ్చి ఉత్తపుణ్యానికి భయపెడుతుంది. అందుకే కణాలు తీసేసిన రక్తద్రవం, అంటే ప్లాస్మాతో చేయించాలి. ఫారం మీద 'ఈబీవీ డీఎన్‌ఏ, క్వాంటిటేటివ్, ప్లాస్మా' అని డాక్టర్‌తో రాయించండి. ఈడీటీఏ ట్యూబు, అంటే ఊదారంగు మూతది. మళ్లీ చేయిస్తే అదే ల్యాబులో, అదే శాంపిల్‌తోనే. లేకపోతే అంకెలు పోల్చలేం.

4. ప్లాస్మాలో లేకపోతే ఆ మాత్రకి కారణం లేదు. ఉంటే రిపోర్టుతో ఇన్‌ఫెక్షన్ల స్పెషలిస్టుని కలవండి, సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఈ నీరసానికి జీన్ టెస్టు చేయించుకోవాలా అని కూడా అడిగారు. బ్రిటన్‌లోని డీకోడ్‌ఎంఈ అనే జన్యు అధ్యయనం 2025లో ఎంఈ/సీఎఫ్‌ఎస్ అనే ఎడతెగని నీరసం జబ్బుతో ముడిపడిన 8 జన్యు ప్రాంతాలు చూపించింది. వాటిలో కొన్ని ఇన్‌ఫెక్షన్‌ని ఎదుర్కొనే జన్యువుల దగ్గరున్నాయి. అయినా దాంతో ఒక్క మనిషి ముప్పు చెప్పలేం. కిట్‌కి డబ్బు పెట్టకండి, ఆ డబ్బుతో ప్లాస్మా పీసీఆర్ చేయించుకోండి.