పాత జీపు, వెనక ట్యాంకు: రీకాల్ సున్నా అంటే నిశ్చింతేనా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. 2003 మోడల్ జీప్ గ్రాండ్ చెరోకీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఎక్కువ మా ఆవిడే నడుపుతుంది, పిల్లలిద్దరూ వెనక సీట్లో కూర్చుంటారు. ఈమధ్య మా బావమరిది వచ్చి కిందికి వంగి చూసి, "పెట్రోలు ట్యాంకు బంపర్‌కి ఆనుకునే ఉంది బావా, వెనక నుంచి ఎవడైనా గట్టిగా గుద్దితే ఏంటి సంగతి" అన్నాడు. అప్పట్నుంచీ టెన్షన్. విన్ నంబర్ (బండి గుర్తింపు నంబరు) కొట్టి చూస్తే రీకాల్స్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడాలు, సున్నా అని వచ్చింది. అంటే సేఫ్ అనేనా? రేపు ఏదైనా జరిగితే కంపెనీ మీద కేసు వేయొచ్చా? తెలిసిన వెల్డింగ్ షాపులో ట్యాంకు వెనక ఇనప ప్లేటు వేయిస్తే చట్టంతో ఇబ్బందా? పోనీ అమ్మేస్తే, కొనేవాళ్లకి ఇదంతా చెప్పాలా?

జవాబు: మీ బావమరిది తప్పేం చెప్పలేదండీ. 2004 దాకా వచ్చిన గ్రాండ్ చెరోకీల్లో ట్యాంకు వెనక యాక్సిల్‌కి అవతల, అంటే యాక్సిల్‌కీ బంపర్‌కీ మధ్యలో ఉంటుంది. 2005 మోడల్ నుంచి దాన్ని యాక్సిల్‌కి ముందువైపు జరిపారు. మీరే ఒకసారి బండి వెనక నేల మీద కూర్చుని చూడండి, బంపర్ అంచు కన్నా కిందికి దిగి ట్యాంకు కనిపిస్తుంది. వెనక నుంచి వచ్చే బండి బ్రేక్ గట్టిగా తొక్కితే దాని ముక్కు కిందికి వాలుతుంది కదా, అప్పుడది మీ బంపర్‌ని తప్పించుకుని నేరుగా ట్యాంకు దగ్గరికే వచ్చే అవకాశం ఉంటుంది.

ఇక ఆ సున్నా సంగతి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఆ సున్నాని సర్టిఫికెట్‌లా పట్టుకొస్తారు. అమెరికా ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ, నీట్సా అంటారు, వాళ్ల సైట్‌లో విన్ కొడితే వచ్చేది ఒకే ఒక్క విషయం: గత 15 ఏళ్లలో మీ బండికి భద్రతా రీకాల్ వచ్చి, ఆ పని ఇంకా చేయించుకోకుండా ఉందా అని. అంతకన్నా పాతవి మామూలుగా అందులో కనిపించవు. కంపెనీ తనంతట తాను "కస్టమర్ల కోసం చేస్తున్నాం" అని పెట్టే సర్వీస్ కార్యక్రమాలు అసలే కనిపించవు. మీ బండి చిక్కుకున్నది సరిగ్గా ఈ రెండో దాంట్లో.

కథ కొంచెం పాతది. 2009లో సెంటర్ ఫర్ ఆటో సేఫ్టీ అనే వినియోగదారుల సంస్థ ఈ ట్యాంకుల మీద నీట్సాకి పిటిషన్ పెట్టింది, 2010లో విచారణ మొదలైంది. 2013 జూన్ మొదట్లో నీట్సా 1993-2004 గ్రాండ్ చెరోకీలు, 2002-07 జీప్ లిబర్టీలు కలిపి సుమారు 27 లక్షల బళ్లని వెనక్కి పిలవమని జీపులు తయారుచేసే క్రైస్లర్‌కి రాసింది. బళ్లు సురక్షితంగానే ఉన్నాయి, పిలవం అంది కంపెనీ. అలా అనడం చాలా అరుదు. రెండు వారాలు గడిచాక రాజీ కుదిరింది. 1993-98 గ్రాండ్ చెరోకీలు, లిబర్టీలు కలిపి దాదాపు 15.6 లక్షల బళ్లకి రీకాల్, 1999-2004 వాటికి మాత్రం రీకాల్ కాదు, పైన చెప్పిన సర్వీస్ కార్యక్రమం. రీకాల్ అయిన వాటికైనా చేసిందేమిటంటే వెనక ఒక ట్రైలర్ హిచ్, అంటే ట్రైలర్ తగిలించుకునే ఇనప కొక్కెం, బిగించడం. తక్కువ, ఓ మోస్తరు వేగంలో గుద్దుకున్నప్పుడు అది కొంత కాస్తుంది, హైవే వేగంలో దాని మీద ఆశ పెట్టుకోలేం. ట్యాంకు మాత్రం ఉన్నచోటే ఉంది.

మీది 2003. సున్నా అందుకు వచ్చింది. అంటే మీ బండిలో లోపం లేదని ఎవరో తేల్చారని కాదు, బేరంలో అది అవతలి వైపు పడింది, అంతే.

ఇప్పుడు మీ అసలు భయానికి వద్దాం: "రీకాల్ లేదు కాబట్టి కోర్టులో కంపెనీ గెలుస్తుంది" అన్నది. దీనికి జార్జియా రాష్ట్రంలో జరిగిన ఒక కేసే జవాబు. 2012 మార్చిలో అక్కడ ఒక 1999 గ్రాండ్ చెరోకీ మలుపు తిరగడానికి ఆగి ఉంది, వెనక నుంచి పికప్ ట్రక్ వచ్చి గుద్దింది, ట్యాంకు పగిలి మంటలు లేచాయి, వెనక సీట్లో ఉన్న నాలుగేళ్ల బాబు ఆ మంటల్లో పోయాడు. 1999, అంటే ఏడాది తర్వాత వచ్చిన రీకాల్‌లో చేరని మోడలే. 2015లో జ్యూరీ 15 కోట్ల డాలర్లు ఇవ్వమంది, తప్పులో 99 శాతం కంపెనీదే అంది, గుద్దినవాడికి ఒక్క శాతం వేసింది. జడ్జి తర్వాత ఆ మొత్తాన్ని 4 కోట్లకి తగ్గించారు, 2018లో జార్జియా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. రీకాల్ జాబితా ఒకటి, కోర్టులో డిజైన్ లోపం నిరూపించడం ఇంకొకటి. ఒకదాంట్లో పేరు లేకపోతే రెండోది పోదు.

"ప్రభుత్వ ప్రమాణం పాసైంది కదా" అనే వాదన కూడా వినిపిస్తుంది. మీ బండి తయారైన రోజుల్లో ఇంధన వ్యవస్థకి ఉన్న ఫెడరల్ ప్రమాణం, నంబరు 301, వెనక నుంచి గంటకు 30 మైళ్ల వేగంతో గుద్ది చూసేది. ఆ వేగం ఇప్పుడు మన ఇళ్ల మధ్య వీధుల్లో నడిపే వేగం. 2003 చివర్లో దాన్ని 50 మైళ్లకి పెంచి, పూర్తిగా వెడల్పున కాకుండా 70 శాతం మేరకే తగిలేలా మార్చారు, అదీ 2007 మోడళ్ల నుంచి విడతలవారీగా. కానీ ప్రమాణం పాటించినంత మాత్రాన మామూలు నష్టపరిహార బాధ్యత పోదని ఫెడరల్ చట్టంలోనే రాసుంది. టెక్సాస్‌లో అయితే ప్రమాణం పాటించిన కంపెనీది తప్పు కాదని ముందే అనుకుని కేసు మొదలవుతుంది, ఆ ప్రమాణమే సరిపోదని చూపించి దాన్ని పడగొట్టొచ్చు. అంతకన్నా మెరుగైన డిజైన్ అప్పటికే సాధ్యమని కూడా చూపించాలి. ఆ కాలంలోనే ట్యాంకు యాక్సిల్ ముందు పెట్టిన ఎస్‌యూవీలు ఉన్నాయి కాబట్టి అది మరీ కష్టం కాదు.

ఇంతవరకూ చదివి ఊపిరి పీల్చుకుని ఉంటారు. ఆగండి, చేదు మాట ఇప్పుడొస్తోంది.

టెక్సాస్‌లో తయారీదారు మీద కేసు వేయడానికి బండి మొదటిసారి అమ్మిన రోజు నుంచి 15 ఏళ్లే గడువు. ప్రమాదం జరిగిన రోజు నుంచి లెక్కపెట్టే రెండేళ్ల లిమిటేషన్ వేరు, ఇది వేరు. దీన్ని స్టాట్యూట్ ఆఫ్ రిపోజ్ అంటారు. బండి కొత్తగా షోరూం నుంచి బయటికి వచ్చినప్పుడు మొదలై, ప్రమాదం జరిగినా జరగకపోయినా అది నడుస్తూనే ఉంటుంది. మీరు ఎప్పుడు కొన్నారన్నది దానికి అక్కర్లేదు. 2003లో అమ్మిన బండికి 2018లోనే తలుపు మూసుకుపోయింది. కంపెనీ 15 ఏళ్లు దాటి మన్నుతుందని రాతపూర్వకంగా హామీ ఇచ్చి ఉంటే తప్ప, మీ విషయంలో ఆ తలుపు తెరిపించడం దాదాపు అసాధ్యం. జార్జియాలో గడువు ఇంకా తక్కువ, పదేళ్లే. అయితే ప్రాణాల పట్ల లెక్కలేనితనం చూపించారని నిరూపిస్తే అక్కడ మినహాయింపు ఉంది, ఆ బాబు తల్లిదండ్రులు నెగ్గింది అలాగే. కాలిఫోర్నియాలో ఇలాంటి గడువే లేదు. ఒకే బండి, ఒకే ట్యాంకు, మూడు రాష్ట్రాల్లో మూడు రకాల జవాబులు. న్యాయమా అని అడగకండి, నాక్కూడా ఒళ్లు మండుతుంది.

ఇనప ప్లేటు గురించి: ఫ్యాక్టరీ స్కిడ్ ప్లేట్ అనేది కింద నుంచి రాళ్లు తగలకుండా పెట్టేది, వెనక నుంచి వచ్చే దెబ్బ కోసం కాదు. మీ షాపువాళ్లు వేసే ప్లేటు దెబ్బ తగిలినప్పుడు ఎటు వంగుతుందో పరీక్షించి చూసినవాళ్లు ఎవరూ ఉండరు, బోల్టు మొనలు ట్యాంకు వైపు ఉంటే అవే దాన్ని చీల్చొచ్చు. ట్యాంకు దగ్గర వెల్డింగ్ అంటే ఇంకేం చెప్పను. చట్టం మాటకొస్తే, బండిలో ఉన్న భద్రతా ఏర్పాటుని తెలిసి తెలిసి పనికిరాకుండా చేయకూడదన్న ఫెడరల్ నిషేధం తయారీదారులకి, డీలర్లకి, రిపేరు షాపులకి, అద్దె కంపెనీలకి వర్తిస్తుంది, సొంత బండిలో మార్పులు చేసుకునే యజమానికి కాదు. మీ మీద కేసు ఉండదు కానీ షాపు ఇరుక్కోవచ్చు. పైగా రేపు ఏ గొడవైనా వస్తే అవతలి లాయరు మొదట ఎత్తేది "బండి రూపం మీరే మార్చారు" అనే మాట. దాని బదులు ట్యాంకుని పట్టి ఉంచే స్ట్రాప్‌లు తుప్పు పట్టాయేమో, పెట్రోలు పోసే గొట్టం రబ్బరు పగుళ్లిచ్చిందేమో చూపించండి. పాత బళ్లలో సగం బాధ అక్కడే. మార్పించిన బిల్లులు దాచండి. డీలర్ దగ్గర విన్ ఇచ్చి, మీ బండి మీద పాత సర్వీస్ కార్యక్రమం ఏమైనా నమోదై ఉందా అని నోటితో కాదు, ఈమెయిల్‌లో అడగండి.

అమ్మడం: సొంతంగా అమ్ముకునేవాళ్లు రీకాల్ పని చేయించాకే అమ్మాలని ఫెడరల్ చట్టంలో లేదు, పాత బళ్ల డీలర్లకే లేదు. మీరు "ఉన్నది ఉన్నట్టు" అని రాసి అమ్మొచ్చు. కానీ కొనేవాడు "ట్యాంకు గురించి ఏదో విన్నాను, నిజమేనా" అని అడిగితే, ఇంత తెలిసీ "అబ్బే, ఏం లేదు" అన్నారనుకోండి, అది మోసం కిందికి వస్తుంది. ఎక్కువమంది ఇలాంటి బళ్లని కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి చవగ్గా ఇచ్చేస్తుంటారు. ఇవ్వండి, కాదనను, రెండు వాక్యాలు మెసేజ్‌లో పెట్టి ఇవ్వండి. నాకైతే పిల్లలు వెనక కూర్చునే బండిగా దీన్ని వదిలించుకోవడమే మంచిదనిపిస్తుంది.

ఉంచుకునేటట్టయితే ఒకటి గుర్తుంచుకోండి. ప్రమాదం జరిగాక బండి టో యార్డ్‌కి వెళ్తుంది, రోజుకింత అని అద్దె ఎక్కుతుంది, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే అడ్జస్టర్ ఫోన్ చేసి "టోటల్ లాస్, టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సంతకం చేసి పంపండి, చెక్ ఇస్తాం" అంటాడు. హాస్పిటల్లో ఉన్న మనిషి చేసేస్తాడు. తర్వాత అది వేలానికి, అక్కడి నుంచి తుక్కులోకి. లాయరు చూసేసరికి ట్యాంకు ఉండదు, ట్యాంకు లేకపోతే దాంట్లో ఏం జరిగిందో నిరూపించడం చాలా కష్టం. కంపెనీ మీద గడువు పోయినా, గుద్దినవాడి మీద, ఈమధ్య ట్యాంకు పని చేసిన షాపు మీద హక్కు ఉంటుంది కదా. బండిని ముట్టుకోవద్దని యార్డ్‌కీ ఇన్సూరెన్స్‌కీ రాతలో చెప్పాకే మిగతా మాటలు.

ఆ గుద్దినవాడి దగ్గర ఏముంటుందో కూడా చూడాలి. టెక్సాస్‌లో తప్పనిసరి ఇన్సూరెన్స్ మనిషికి 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60,000. కాలిన గాయాల వార్డులో అది ఎన్నాళ్లొస్తుంది? అందుకే మీ పాలసీ తీసి, అవతలివాడికి ఇన్సూరెన్స్ లేకపోయినా, చాలకపోయినా మీ కంపెనీయే ఇచ్చే యూఎం/యూఐఎం కవరేజి ఉందో లేదో చూడండి. టెక్సాస్‌లో దాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ మీకు ఇవ్వజూపి తీరాలి, వద్దంటే మీరు రాతపూర్వకంగా వద్దనాలి. ప్రీమియం తగ్గుతుందని చూడకుండా సంతకం పెట్టేసి ఉంటారు చాలామంది. పాలసీలో ఆ కవరేజి కనిపించకపోతే, మీరు సంతకం పెట్టిన తిరస్కరణ కాగితం చూపించమని ఏజెంటుని అడగండి. చూపించలేకపోతే నాకు మళ్లీ రాయండి.