ఫిన్లాండ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఆశీస్సులు. నీ వ్యాసం చదివాను. చిన్న దేశం పెద్ద పొరుగువాడి పక్కన తన స్వాతంత్ర్యాన్ని ఎలా నిలబెట్టుకుంటుందో చెప్పడానికి ఫిన్లాండ్‌ను ఎంచుకోవడం బాగుంది. అయితే ముప్పాతిక భాగం యుద్ధమే నింపేశావు. మంచులో మాటువేసిన సిమో హైహా, స్కీల మీద దూసుకెళ్లిన సైనికులు, తగలబడ్డ ట్యాంకులు. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది, కాదనను. కానీ నువ్వు చెప్పదలచుకున్నది శత్రువును ముందే జంకించే నిరోధక శక్తి గురించి. 1939 నవంబరు 30న శత్రువు, అంటే సోవియట్ యూనియన్, జంకలేదు, సరిహద్దు దాటి వచ్చేశాడు. నువ్వు విజయగాథగా రాసిన ఆ శీతాకాల యుద్ధం, నీ అంశం వరకు చూస్తే, ఒక వైఫల్యం. ముందు దీన్ని ఒప్పుకుని, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టు.

ఎందుకు విఫలమైందో తీరిగ్గా రాయి. అప్పటి ఫిన్లాండ్ జనాభా 37 లక్షలు. 1917 డిసెంబరు 6న రష్యా నుంచి విడివడి స్వతంత్రం ప్రకటించుకుంది. మరుసటి ఏడే కార్మికుల ఎర్రదళాలు, ప్రభుత్వ పక్షపు తెల్లదళాలుగా చీలి తమవాళ్లను తామే చంపుకున్నారు. ఆ గాయం మానలేదనీ, కార్మికులు హెల్సింకి ప్రభుత్వం కోసం తుపాకీ పట్టరనీ మాస్కో లెక్కవేసుకుంది. దాడి మొదలైన మర్నాడే కూసినెన్ అనే ఫిన్నిష్ కమ్యూనిస్టు నాయకుణ్ణి ముందుపెట్టి సరిహద్దు దగ్గరి తెరియోకి ఊళ్లో ఒక కీలుబొమ్మ ప్రభుత్వాన్ని నిలిపింది. ఆయుధాలు చూసి భయపడే అవసరమూ దానికి కనబడలేదు. 1931 నుంచి రక్షణ మండలికి అధ్యక్షుడిగా ఉన్న మానర్‌హీమ్ డబ్బు కావాలని మొత్తుకుంటూనే ఉన్నాడు, ప్రభుత్వాలు రేపుమాపంటూ నెట్టుకొచ్చాయి. కరేలియా భూసంధిలో తర్వాత ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన రక్షణ రేఖ పూర్తికాక, 1939 వేసవిలో మామూలు జనం స్వచ్ఛందంగా వెళ్లి అక్కడ పలుగూపారా పట్టారు. ఫిన్‌లకు తెగింపు నిండుగా ఉంది. అది ఉందని పొరుగువాడికి తెలియలేదు. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే కావాలి.

యుద్ధ దృశ్యం ఒక్కటి ఉంచుకో. నన్నడిగితే రాతె దారి ఉంచుకోమంటాను. సరిహద్దు నుంచి సువోముస్సల్మి వైపు అడవిలో ఒకే ఒక్క దారి. అక్కడ చిక్కుకుపోయిన మరో డివిజన్‌ను ఆదుకోవడానికి సోవియట్ 44వ డివిజన్ ఆ దారిన వచ్చింది. లారీలు, ట్యాంకులు, గుర్రాలు కిలోమీటర్ల పొడవునా ఒకదాని వెనక ఒకటి. పక్కకు తిరగడానికి చోటు లేదు, చలి సున్నాకు 30 డిగ్రీలు దిగువన. ఫిన్నిష్ కమాండర్ సీలాస్వువో సైనికులు అడవిలోంచి స్కీల మీద వచ్చి, చెట్లు కూల్చి దారి మూసి, ఆ వరుసను ముక్కలు ముక్కలుగా కోశారు. వాళ్లు వెతికి మరీ కొట్టింది వంట బళ్లను. వేడి కూడు లేక, నెగడు వేసుకుంటే తూటా తగిలి, ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఆ కుర్రాళ్లు గడ్డకట్టి చచ్చిపోయారు. 1940 జనవరి మొదటి వారంలో అంతా ముగిసింది. డివిజన్ కమాండర్ వినోగ్రదోవ్‌ను సొంత సైన్యమే కాల్చి చంపింది. ఈ దృశ్యాన్ని గర్వంగా రాయకు. చనిపోయినవాళ్లు కూడా ఎవరో పంపితే వచ్చినవాళ్లే.

తర్వాత వెల రాయి. 105 రోజులకు 1940 మార్చి 13న తుపాకులు ఆగాయి. 25 వేల మంది ఫిన్‌లు చనిపోయారు. దేశంలో దాదాపు పదో వంతు నేల, వీపురి నగరంతో సహా పోయింది. 4 లక్షలకు పైగా జనం ఇళ్లు వదిలి కట్టుబట్టలతో పడమటికి వచ్చారు. మరి దక్కిందేమిటి? స్టాలిన్ కూసినెన్ ప్రభుత్వాన్ని పక్కన పడేసి హెల్సింకితోనే సంధి చేసుకున్నాడు. దేశం మిగిలింది. 1939 శరత్కాలంలో సోవియట్ స్థావరాలకు ఒప్పుకున్న ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలు 1940 ఆగస్టుకల్లా సోవియట్ యూనియన్‌లో కలిసిపోయాయి. అలాగని ఆ మూడింటినీ పిరికి దేశాలని రాశావు, అది కొట్టెయ్. తమ చేతిలో ఉన్న బలాన్ని బట్టి వాళ్లు తీసుకున్న నిర్ణయమది, దాని ఫలితం యాభై ఏళ్లు అనుభవించారు.

1941 నుంచి 1944 దాకా నువ్వు దాటేశావు. దాటకూడదు. పోయిన నేల తిరిగి తెచ్చుకోవడానికి ఫిన్లాండ్ హిట్లర్ సైన్యంతో భుజం కలిపింది, పాత సరిహద్దు దాటి తూర్పు కరేలియాలోకి వెళ్లింది, అక్కడి రష్యన్ పౌరులను శిబిరాల్లో పెట్టింది. ఆ శిబిరాల్లో వేలమంది చనిపోయారు. చిన్న దేశం మీద ప్రేమతో దీన్ని దాచిపెడితే, చదివేవాడు మిగతా పేజీలనూ నమ్మడు.

ఇక అసలు కథ. యుద్ధం రాని ఏళ్ల గురించి నువ్వు రాసింది ఒక్క పేరా! 1947 పారిస్ సంధి ఫిన్లాండ్ సైన్యాన్ని 34,400 మందికి, యుద్ధ విమానాలను 60కి కుదించింది. 30 కోట్ల డాలర్ల నష్టపరిహారాన్ని ఓడల రూపంలో, యంత్రాల రూపంలో 1952 నాటికి కట్టేశారు. హెల్సింకి పక్కనే ఉన్న పోర్కలాలో సోవియట్ స్థావరం 1956 దాకా ఉంది. అలాంటి స్థితిలో జంకు పుట్టించడం ఎలా? అధ్యక్షుడు పాసికివి, ఆయన తర్వాత అధ్యక్షుడైన కెక్కొనెన్, రెండు పనులు కలిపి చేశారు. 1948 ఒప్పందంతో, మా నేల మీదుగా ఎవరూ మీ మీదికి రారు, రానివ్వం అని మాస్కోకు మాటిచ్చారు. పొరుగువాడి భయం తీర్చడం కూడా రక్షణలో భాగమే. నీ వ్యాసంలో ఈ సగం అసలు లేదు. రెండో సగం, వస్తే మళ్లీ రాతె దారి తప్పదని వాడికి గుర్తుండేలా చూడటం. దానికి వాళ్లు నమ్ముకున్నది రిజర్వు దళాలను. మగపిల్లలందరికీ నిర్బంధ సైనిక శిక్షణ, ఇప్పటి లెక్కలో 165, 255 లేక 347 రోజులు. శిక్షణ అయ్యాక ఎవరి పని వాళ్లది. పిలుపు వస్తే 2,80,000 మంది సైన్యం లేస్తుంది, వెనక మొత్తం రిజర్వు 9 లక్షలకు దగ్గర. ఈ అంకెలు హైదరాబాద్ కన్నా తక్కువ జనాభా ఉన్న దేశానివని పాఠకుడికి గుర్తుచెయ్. సరిహద్దేమో 1,340 కిలోమీటర్లు, మన ఆంధ్ర తీరం కన్నా పొడవు.

అంకెలు గుట్టగా పొయ్యకు, ఒక చోటు దగ్గరగా చూపించు. హెల్సింకి తూర్పున ఇతాకెస్కుస్‌లో కొండరాయి తొలిచి కట్టిన ఈత కొలను ఉంది. పిల్లలు ఈత నేర్చుకుంటారు, ముసలివాళ్లు ఆవిరిగదిలో కూర్చుంటారు. అవసరమైతే నీళ్లు తోడేసి 72 గంటల్లో దాన్ని బాంబుల ఆశ్రయంగా మార్చాలి, 3,800 మందికి చోటు. దేశం మొత్తం మీద ఇలాంటి ఆశ్రయాలు 50 వేలకు పైగా, 48 లక్షల మందికి సరిపడా. 1,200 చదరపు మీటర్లు దాటిన అపార్టుమెంటు కడితే ఆశ్రయం కట్టి తీరాలి, ఖర్చు ఇల్లు కొనుక్కునేవాళ్లదే. ఇవి ఎదుటివాడి లెక్కలో ఏం చేస్తాయో చెప్పు. ఊళ్ల మీద బాంబులు వేసి జనాన్ని లొంగదీద్దామంటే ఆ దారి మూసుకుపోతుంది. దిగ్బంధిద్దామంటే కనీసం ఆరు నెలలకు సరిపడా ధాన్యం నిల్వ ఉంది. అధికారులను, కంపెనీ పెద్దలను, పత్రికా సంపాదకులను, ఎంపీలను ఒకచోట కూర్చోబెట్టి 1961 నుంచి దేశ రక్షణ తరగతులు నడుపుతున్నారు. ఎవరో ఒకరు చేతులెత్తేస్తారన్న ఆశ కూడా పొరుగువాడికి మిగలకూడదని.

దీనికంతా డబ్బు, ఓపిక కావాలి. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఐరోపా అంతా సైన్యాలను తగ్గించుకుంది, స్వీడన్ 2010లో నిర్బంధ శిక్షణనే ఎత్తేసింది, తర్వాత మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. ఫిన్లాండ్ మాత్రం తూర్పు జర్మనీ సైన్యం వదిలిన ట్యాంకులను, ఫిరంగులను చవగ్గా కొని దాచుకుంది. 1992లో 64 హార్నెట్ యుద్ధ విమానాలు ఎంచుకుంది, 2021లో వాటి బదులు 64 ఎఫ్-35లు. దక్షిణ కొరియా నుంచి కె-9 ఫిరంగులు తెచ్చుకుంది. మన సైన్యంలోని వజ్ర ఫిరంగి కూడా ఆ జాతిదే. 2022లో అడిగితే, గెలుస్తామో లేదో తెలియకపోయినా ఆయుధం పట్టాల్సిందేనని పదిమందిలో ఎనిమిది మందికి పైగా చెప్పారు. 1939లో మాస్కోకు కనబడనిది ఇదే. ఇప్పుడు బాహాటంగా కనబడుతోంది.

ఇన్ని ఉండి కూడా 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ నాటోలో ఎందుకు చేరింది? నీ ముగింపులో దీన్ని దేశభక్తి వాక్యంతో దాటించావు. ఉక్రెయిన్‌ను చూశాక ఫిన్‌లకు తట్టిన సంగతి రాయి. ఒంటరిగా నిలిచి పోరాడవచ్చు, కానీ ఈలోపు సొంత ఊళ్లే నేలమట్టమవుతాయి. మనుషుల ప్రాణాలు తీసే మందుపాతరలను వాడబోమని 2012లో చేరిన ఒట్టావా ఒప్పందం నుంచి వైదొలగడానికి 2025లో వాళ్ల పార్లమెంటు ఆమోదించింది. యుద్ధం ముగిసిన ఏళ్ల తర్వాత కూడా పిల్లల కాళ్లు తీసేసే ఆయుధమది. అంత పొడవు సరిహద్దును అంత తక్కువ మందితో కాయాలంటే తప్పదని వాళ్ల సైన్యం వాదన. నా మనసు ఆ నిర్ణయాన్ని ఇంకా ఒప్పుకోవడం లేదు. నువ్వు ఒప్పుకుంటే కారణాలతో రాయి, ఒప్పుకోకపోతే కాపలా ఎలా కాయాలో కూడా రాయి. ఆ భాగం ముందు రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య