పేర్లన్నీ వచ్చు, వాక్యంలో గుర్తుపట్టడమే రావట్లేదు

ప్రశ్న: నౌన్, ప్రొనౌన్, వెర్బ్... ఎనిమిది పార్ట్స్ ఆఫ్ స్పీచ్ నిర్వచనాలూ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. వాక్యం ఇచ్చి, ఇందులో గీత గీసిన మాట ఏ పార్టో చెప్పమంటే మాత్రం టెన్షన్ వచ్చేస్తుంది, సగం తప్పులే. పోటీ పరీక్ష రాయాలి. ఏ పుస్తకం చదవమంటారు?

జవాబు: ఇంకో పుస్తకం వద్దండి, ఉన్నవి చాలు. మీకు అడ్డొస్తున్నది ఆ నిర్వచనాలే. మనిషి, చోటు, వస్తువు పేరు చెప్తే నౌన్, పని చెప్తే వెర్బ్ అని కదా మనం బట్టీ పట్టింది. మరి ‘హిజ్ అరైవల్ సర్‌ప్రైజ్డ్ అస్’ అన్నప్పుడు అరైవల్ అంటే రావడం, అదొక పని, అయినా అది నౌన్. ‘దిస్ బిలాంగ్స్ టు మి’లో ఎవరూ ఏ పనీ చేయట్లేదు, బిలాంగ్స్ మాత్రం ఖాయంగా వెర్బ్. అర్థాన్ని పట్టుకుని వెళ్తే ఇలా దారి తప్పుతాం, మాట వాక్యంలో ఎక్కడ కూర్చుంది, పక్కన ఏమున్నాయి అన్నది చూడాలి.

రౌండ్ అనే మాటనే తీసుకోండి. ‘ఎ రౌండ్ టేబుల్’ అంటే అడ్జెక్టివ్. ‘ది ఫస్ట్ రౌండ్’ అంటే నౌన్. ‘దే రౌండెడ్ ది కార్నర్’లో వెర్బ్, ‘షీ టర్న్డ్ రౌండ్’లో అడ్వర్బ్, ‘దే శాట్ రౌండ్ ది ఫైర్’లో ప్రిపోజిషన్. ఒకే మాట, ఐదు ఉద్యోగాలు. కాబట్టి వాక్యం లేకుండా ‘రౌండ్ ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్?’ అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నే తప్పు. డిక్షనరీలో కూడా ఇలాంటి మాటకి నౌన్‌గా ఒక అర్థం, వెర్బ్‌గా ఇంకో అర్థం విడివిడిగా ఇస్తారు, మనం మొదటిది చూసి పుస్తకం మూసేస్తాం.

ఇక పరీక్ష హాల్లో పనికొచ్చే కిటుకులు. ఒక మాట ముందు ‘ది’ పెట్టి, చివర బహువచనం చేయగలిగితే అది దాదాపు నౌనే. (అడ్వైస్, ఫర్నిచర్ లాంటివి బహువచనం కావు, వాటిని ‘ది’తోనే పట్టుకోవాలి.) పాస్ట్ టెన్స్‌లోకి మార్చగలిగితే వెర్బ్. ముందు ‘వెరీ’ పెట్టగలిగి, ‘ఇట్ సీమ్స్’ తర్వాత కూడా సరిగ్గా ఇమిడిపోతే అడ్జెక్టివ్. ఈ చివరిది అన్నిసార్లూ పనిచేయదు, మెయిన్ అడ్జెక్టివే గానీ ‘వెరీ మెయిన్’ అని ఎవరూ అనరు.

ప్రిపోజిషన్‌కీ కంజంక్షన్‌కీ మధ్య గందరగోళం ఎక్కువమందికి ఉంటుంది, మార్కులు పోయేది కూడా ఎక్కువగా ఇక్కడే. తర్వాత ఏమొచ్చిందో చూడండి. ‘ఆఫ్టర్ లంచ్’, వెనక ఒక్క నౌన్ ఉంది, ప్రిపోజిషన్. ‘ఆఫ్టర్ హీ లెఫ్ట్’, వెనక కర్త, క్రియతో పూర్తి వాక్యమే ఉంది, కంజంక్షన్. బిఫోర్, సిన్స్, అంటిల్ అన్నిటికీ ఇదే లెక్క. అసలు వెనక ఏమీ లేకుండా ‘సూన్ ఆఫ్టర్’ అని ఆగిపోతే అడ్వర్బ్.

అడ్వర్బ్‌కి మాత్రం ఇంత తేలికైన పరీక్ష లేదు, ఎందుకంటే గ్రామర్ రాసినవాళ్లు ఎక్కడా ఇమడని మాటలన్నీ ఆ బుట్టలోనే పడేశారు. వెరీ, నాట్, ఆల్‌మోస్ట్, హియర్, ఇవన్నీ అడ్వర్బులే, ఒకదానికొకటి పోలికే ఉండదు. మిగతావి ఏవీ కాకపోతే అడ్వర్బేమో అని అనుమానించండి, ఎక్కువసార్లు నిజమవుతుంది. చివర ‘లీ’ ఉంటే అడ్వర్బ్ అనే సూత్రాన్ని మరీ నమ్మొద్దు. ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ అడ్జెక్టివ్‌లు. ‘హీ వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాడని, ‘హీ హార్డ్లీ వర్క్స్’ అంటే దాదాపు పనే చేయడని. ఈ రెండూ తారుమారు చేసి బాస్ గురించి ఈమెయిల్ రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి!

ఇంకో మాట, ‘స్టోన్ వాల్’లో స్టోన్ అడ్జెక్టివా, నౌనా అని ఎక్కడికెళ్లినా వాదన జరుగుతుంది. నా లెక్కలో అది నౌనే, పక్క నౌన్‌ని వర్ణిస్తోందంతే, ‘వెరీ స్టోన్’ అనలేం కదా. కానీ చాలా పాత పుస్తకాలు అడ్జెక్టివ్ అనే రాస్తాయి, కాబట్టి పరీక్షలో మీ సిలబస్ పుస్తకం ఏమంటే అదే పెట్టి రండి, అక్కడ వాదించి లాభం లేదు.

ప్రశ్న: ఒక పుస్తకంలో ఎనిమిది, ఇంకోదాంట్లో తొమ్మిది అంటున్నారు. మన తెలుగులోనేమో భాషాభాగాలు ఐదే అని చదువుకున్నాం. ఏది కరెక్ట్?

జవాబు: లెక్కపెట్టినవాళ్లని బట్టి ఉంటుంది. ఎనిమిది అనేది ఇంగ్లిష్ కోసం పుట్టిన లెక్కే కాదు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దానికి చెందిన డయొనీషియస్ థ్రాక్స్ పేరుతో వచ్చిన గ్రీకు వ్యాకరణంలో ఎనిమిది ఉన్నాయి. అందులో ఆర్టికల్ ఉంది, అడ్జెక్టివ్‌ని నౌన్‌లోనే కలిపేశారు. లాటిన్‌లో ఆర్టికల్స్ లేవు, అక్కడి పండితులు దాన్ని తీసేసి ఇంటర్జెక్షన్‌ని చేర్చారు, ఎనిమిది ఎనిమిదిగానే మిగిలింది. ఇంగ్లిష్‌కి వచ్చాక 1795లో లిండ్లీ మర్రే తన గ్రామర్‌లో ఆర్టికల్‌ని విడిగా లెక్కపెట్టి తొమ్మిది అన్నాడు. ఇప్పటి పుస్తకాలు ది, దిస్, మై, ఎవ్రీ లాంటివాటిని కలిపి డిటర్మినర్స్ అంటున్నాయి. మనకి నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఇంగ్లిష్‌లో అడ్వర్బ్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్ అంటూ విడదీసేవాటిలో చాలా మాటలు మన అవ్యయంలోకే వచ్చేస్తాయి. లెక్క గురించి బెంగ అక్కర్లేదు.

ప్రశ్న: నాకు పరీక్షలేం లేవు, ఆఫీసులో ఇంగ్లిష్ తడబడకుండా మాట్లాడితే చాలు. అయినా ఈ పార్ట్స్ ఆఫ్ స్పీచ్ నేర్చుకోవాలా? ‘డిస్కస్ అబౌట్’ అన్నానని మొన్న ఒకరు నవ్వారు, అందులో తప్పేంటో ఇప్పటికీ అర్థం కాలేదు.

జవాబు: నవ్వినవాళ్ల సంగతి వదిలేయండి, తప్పు ఎక్కడుందో చూద్దాం. మనం ‘దాని గురించి చర్చించాం’ అంటాం, అందుకే ‘వి డిస్కస్డ్ అబౌట్ ఇట్’ అని సహజంగా నోటికొస్తుంది. ఇంగ్లిష్‌లో డిస్కస్ అనే వెర్బ్ పక్కన కర్మ నేరుగా వచ్చి కూర్చుంటుంది, ‘వి డిస్కస్డ్ ది ప్లాన్’, మధ్యలో ప్రిపోజిషన్ అక్కర్లేదు. అదే నౌన్‌గా మారిస్తే అబౌట్ కావాలి, ‘వి హాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ది ప్లాన్’. చూశారా, పార్ట్ ఆఫ్ స్పీచ్ మారగానే పక్కన రావాల్సిన మాట కూడా మారిపోయింది! రిక్వెస్ట్ కూడా అంతే. ‘ఐ రిక్వెస్టెడ్ హెల్ప్’, కానీ ‘మై రిక్వెస్ట్ ఫర్ హెల్ప్’. ఆర్డర్ అంతే, ‘వి ఆర్డర్డ్ టూ ప్రింటర్స్’, కానీ ‘అవర్ ఆర్డర్ ఫర్ టూ ప్రింటర్స్’. కాబట్టి మీకు పేర్లు వల్లించే పని లేదు గానీ, చేతిలో ఉన్న మాట ఇప్పుడు నౌనా, వెర్బా అన్న స్పృహ మాత్రం కావాలి. కొత్త మాట ఎదురైనప్పుడు ఒక్క మాటగా రాసుకోకుండా పక్క మాటలతో కలిపి రాసుకోండి.

మాట్లాడేటప్పుడు ఇంకో తేడా కూడా ఉంది, దీన్ని క్లాసులో చాలామంది చెప్పరు. రికార్డ్, ఆబ్జెక్ట్, పర్మిట్, ప్రెజెంట్ లాంటి మాటలు నౌన్ అయితే మొదటి భాగాన్ని ఒత్తి పలకాలి, వెర్బ్ అయితే రెండో భాగాన్ని. అడ్వైస్ నౌన్, చివర ‘స’ శబ్దం వస్తుంది, వెర్బ్‌లో అదే ‘జ’ అవుతుంది, అడ్వైజ్. ‘గివ్ మి ఎన్ అడ్వైస్’ అనకండి, అది ఒకటి, రెండు అని లెక్కపెట్టే నౌన్ కాదు, ‘సమ్ అడ్వైస్’ అనాలి.