ప్రింటరు మారినా ప్రోగ్రామ్ మారనక్కరలేదా?

ప్రశ్న: మా డీటీపీ సెంటర్‌లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకూ, లేజర్ ప్రింటరుకూ ఒకే ప్రోగ్రామ్ నుంచి ప్రింట్ ఇస్తాం. యంత్రాలు వేరైనా ప్రోగ్రామ్ ఒక్కటే ఎలా సరిపోతోంది? అలాంటప్పుడు, ఈమధ్య కంప్యూటర్ మార్చగానే లేజర్ ప్రింటరు ఎందుకు మొరాయించింది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ప్రోగ్రామ్‌కు ఆ రెండు ప్రింటర్లలో దేని సంగతీ తెలియదు. ప్రింటర్ల సంకేతాలు ఒక్కటి కావు. 27, 69 అనే రెండు బైట్లను వరుసగా పంపితే ఎప్సన్ తరహా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ‘ఇకపై అక్షరాలను బోల్డ్‌లో కొట్టు’ అని గ్రహిస్తుంది. హెచ్‌పీ లేజర్‌జెట్ల పీసీఎల్ భాషలో అవే బైట్లకు ‘అమరికలన్నిటినీ మొదటి స్థితికి తెచ్చుకో’ అని అర్థం. విండోస్‌కు ముందటి డాస్ రోజుల్లో ఈ తేడాలన్నీ తెలుసుకునే భారం ప్రతి ప్రోగ్రామ్ మీదా విడివిడిగా పడేది కనుక, ఒక్కో వర్డ్ ప్రాసెసర్ తన ప్రింటర్ డ్రైవర్లను (ప్రోగ్రామ్ కోరికను ప్రింటరు భాషలోకి మార్చే చిన్న ప్రోగ్రామ్‌లను) తానే ఫ్లాపీలలో వెంట తెచ్చుకునేది. కొత్త ప్రింటరు కొనేవారు దాని పేరు తమ ప్రోగ్రామ్ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవలసి వచ్చేది.

విండోస్ ఆ భారాన్ని తన మీద వేసుకుంది. ‘పేజీలో ఫలానా చోట, ఫలానా ఫాంటులో ఈ అక్షరాన్ని ఉంచు’ అని అడగడంతో ప్రోగ్రామ్ పని ముగుస్తుంది. ఆ కోరికను మీరు ఎంచుకున్న ప్రింటరు భాషలోకి మార్చే పని డ్రైవర్‌ది. డిస్కుల విషయంలోనూ ఇదే పద్ధతి: ఫైలును సేవ్ చేసే ప్రోగ్రామ్‌కు అది హార్డ్‌డిస్కులోకి వెళ్తోందో, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తోందో తెలియనక్కరలేదు. (యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అయితే 1970ల తొలినాళ్లలోనే ఇంకాస్త ముందుకు వెళ్లి, టెర్మినల్, టేపు వంటి పరికరాలను కూడా ఫైళ్లలాగే తెరిచి, చదివి, రాసే వీలు కల్పించింది. ఇంత పొదుపైన ఆలోచనలు కంప్యూటర్ రంగంలో అరుదని నా అభిప్రాయం.)

అయితే ప్రోగ్రామ్‌ను కాచే ఈ ఏర్పాటు డ్రైవర్‌ను కాయదు. డ్రైవర్ ఒకవైపు ఆ ప్రింటరుకూ, మరోవైపు ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ కట్టుబడి ఉంటుంది. 32 బిట్ల విండోస్ కోసం రాసిన డ్రైవర్ 64 బిట్ల విండోస్‌లో పనిచేయదు. మీ పాత కంప్యూటర్‌లో 32 బిట్ల విండోస్ ఉండి ఉంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే. తయారీదారు 64 బిట్ల డ్రైవర్ ఇచ్చారేమో వెతకండి. అది లేకపోయినా, మీ ప్రింటరుకు పీసీఎల్ గానీ, పోస్ట్‌స్క్రిప్ట్ అనే మరో ప్రింటరు భాష గానీ వస్తే, ఆ భాషకు చెందిన సాధారణ డ్రైవర్‌తో తరచుగా పని జరిగిపోతుంది. చవక లేజర్ ప్రింటర్లలో చాలా వాటికి ఈ రెండూ రావు. పేజీని చుక్కలుగా మార్చే పనిని అవి కంప్యూటర్‌కే వదిలేస్తాయి. మీది ఆ రకమే అయితే, పాత కంప్యూటర్‌ను ప్రింట్ల కోసమే ఒక పక్కన ఉంచుకోవడం మేలు.